నట్టే పద్దు

"ఈ ఏడాది మన నిచ్చెనల సంస్థ నలభై కోట్ల లాభం సాధించింది!" అని పరిశ్రమల మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు.

ఏడాది పూర్తవడానికి ఇంకా రెండు నెలల పన్నెండు రోజులున్నాయి.

ఒక విలేకరి లేచి ఆ మాటే అడిగాడు. "ఏడాది ఇంకా అవలేదు కదండీ?"

"పాత ప్రభుత్వానికీ మాకూ అదే తేడా," అన్నారు మంత్రిగారు. "వాళ్ళు ఏడాది అయ్యాక లాభం కోసం వెతుక్కునేవాళ్ళు. మేం లాభాన్ని ముందే తెచ్చి పెట్టాం. ఏడాదిదేముంది, అదే వచ్చి కలుస్తుంది."

హాలంతా చప్పట్లు. సంస్థ క్యాంటీన్లో టీవీ ముందు నిలబడ్డ నేను కూడా కొట్టాను. ఒక చేతిలో టీ గ్లాసు ఉండటంవల్ల రెండో చేత్తో పక్కవాడి భుజం మీద కొట్టాను. నాలుగు దెబ్బలయ్యాక గుర్తొచ్చింది, ఆ సంస్థ లెక్కలు రాసేది నేనేనని. ఆ ఉదయమే నేను తేల్చిన లెక్క ప్రకారం మా సంస్థ పదకొండు కోట్ల నష్టంలో ఉంది. ఆ సంగతి లోకంలో నాకూ నా కాలిక్యులేటర్‌కీ మాత్రమే తెలుసు. మా ఇద్దరిలో నోరు జారే అవకాశం దానికే ఎక్కువ. అందుకని పైకెళ్ళి దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

నేను ఆ సంస్థకు చీఫ్ అకౌంట్స్ ఆఫీసర్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఒక్క అంకె తప్పు రాయలేదని పేరు. ఆ పేరు తెచ్చింది నిజాయితీ అని అందరూ అనుకునేవారు, నేనూ అనుకునేవాణ్ణి. తప్పు రాయమని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నన్నెవరూ అడగలేదన్న చిన్న విషయం మా ఎవరికీ తట్టలేదు.

పది నిమిషాల్లో చైర్మన్‌గారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

మా చైర్మన్‌గారిని సంస్థలో అందరూ రౌండ్‌ఫిగర్‌గారు అంటారు. ముందటి ఎన్నికల్లో ఆయనకు తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై రెండు ఓట్లు వచ్చి ఓడిపోయారు. పదివేల మంది తనను గెలిపించాలని చూశారని ఊరంతా చెప్పుకుని తిరిగారు. అంకెలతో అంత చనువున్న మనిషి ఊరికే ఉండకూడదని పార్టీ ఆయన్ని మాకిచ్చింది.

"టీవీ చూశావా?" అన్నారు.

"చూశానండి."

"మంత్రిగారు ఎంతన్నారు?"

"నలభై కోట్లన్నారండి."

"మన దగ్గర ఎంతుంది?"

"పదకొండు కోట్లుందండి."

"అంటే ఇంకో ఇరవై తొమ్మిది చూసుకుంటే చాలు."

"ఆ పదకొండూ నష్టమండి."

ఆయన కిటికీలోంచి కాసేపు బయటికి చూశారు. ఆయన మొహంలో నేనెప్పుడూ చూడని ఆలోచన కనిపించింది.

"పదకొండు అనకు. పది అను. వినడానికి బావుంటుంది," అన్నారు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అగ్నిమాపక శాఖవాళ్ళని నిచ్చెనలు కొనమని రాశాంగా?"

"రాశామండి. యాభై ఒక్క కోట్ల సరుకు. పరిశీలిస్తామని జవాబొచ్చింది."

"వద్దన్నారా?"

"అనలేదండి."

"అక్కర్లేకపోతే వద్దనేవాళ్ళుగా? వద్దనలేదంటే ఏవిటి? కొన్నట్టే. వాళ్ళు కొన్నట్టే అయితే మనం?"

"అమ్మినట్టేనండి."

"అమ్మినట్టే అయితే డబ్బు?"

పాఠకులు గమనించాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది ఆయన కాదు. నేను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. బల్ల మీద బిస్కెట్ల పళ్ళెం మాత్రం ఉంది.

"వచ్చినట్టేనండి," అన్నాను.

"నీకు రిటైర్మెంట్ ఎప్పుడయ్యా?"

"పదకొండు నెలల్లోనండి. రెండేళ్ళు పొడిగించమని ఫైలు పెట్టుకున్నాను."

"మంత్రిగారి టేబుల్ మీదుంది."

"సంతకం అయిందాండి?"

"అయినట్టే," అన్నారు రౌండ్‌ఫిగర్‌గారు, బిస్కెట్ల పళ్ళెం నా వైపు తోస్తూ.

రెండు తీసుకున్నాను.

*

లెక్కల పుస్తకంలో 'రావలసినవి' అని ఒక పేజీ ఉంటుంది. సరుకు ఇచ్చేశాక మనకు రావలసిన డబ్బు అందులో రాస్తాం. అప్పటిదాకా ఆ పేజీ చాలా నీరసంగా ఉండేది. ఆ రోజు అందులో యాభై ఒక్క కోట్లు ఎక్కించాను. నష్టం పదకొండు పూడిపోగా లాభం నలభై తేలింది. మంత్రిగారు చెప్పిన అంకె కాగితం మీద కనిపించేసరికి ఆయన దూరదృష్టికి నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత తికమక పడకుండా ఆ పద్దు పక్కన పెన్సిల్‌తో 'నట్టే' అని చిన్నగా రాసుకున్నాను.

అమ్మినట్టే అయిన నిచ్చెనలు మాత్రం గోడౌన్లో నిజంగానే ఉన్నాయి. వాటిని స్టాకులో కూడా చూపించాం. ఒకే నిచ్చెనని అమ్మేసి, మళ్ళీ దగ్గరే ఉంచుకుని, రెండుసార్లు ఆస్తిగా చూపించిన ఘనత మాదే.

ఇలాంటివి కనిపెట్టడానికి సంస్థలో అంతర్గత తనిఖీ అధికారి ఒకరుండాలి. ఆ పోస్టు నాలుగేళ్ళుగా ఖాళీ. దాని అదనపు బాధ్యత నాదే. ఉదయం ఎడమవైపు కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాణ్ణి. మధ్యాహ్నం కుడివైపు కుర్చీలోకి మారి వాటిని తనిఖీ చేసేవాణ్ణి. నా మీద నేను దయ చూపించానని ఎవరూ అనలేరు. ఆ యాభై ఒక్క కోట్లకు ఆధారమేమిటని కుడి కుర్చీలోంచి నాకు నేనే మెమో ఇచ్చుకున్నాను. మూడు రోజులు గడువు పెట్టాను. ఎడమ కుర్చీలోంచి వివరంగా జవాబు రాశాను. 'జవాబు సంతృప్తికరం' అని సంతకం పెట్టాక ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

బయటి ఆడిటర్‌గారు పెద్దాయన. పందొమ్మిదేళ్ళుగా మా లెక్కలు చూస్తున్నారు. పేజీ తిప్పుతూ ఆ పద్దు దగ్గర ఆగారు.

"ఇదేవిటి, ఇక్కడ నట్టే అని ఉంది?"

"పద్ధతండి. కొత్తది."

"ఫారిన్‌దా?"

"అలాంటిదేనండి."

ఆయన గౌరవంగా తలూపి, వచ్చే ఏడు కూడా ఆడిట్ తమకే వస్తుందా అని అడిగారు. వచ్చినట్టేనన్నాను. సంతకం పెట్టేశారు.

ఈ ఒక్క ఏడాదికే అనుకున్నాను. వచ్చే ఏడు అగ్నిమాపక శాఖ నిజంగా కొంటుంది, పెన్సిల్‌తో రాసింది చెరిపేద్దాం అనుకున్నాను. రబ్బరు కూడా కొనుక్కున్నాను.

*

మరుసటి ఏడు మంత్రిగారు అరవై కోట్లన్నారు.

అసలు నష్టం పన్నెండు. అంటే డెబ్భై రెండు కోట్లు కావాలి. విద్యుత్ శాఖ, భవనాల శాఖ, దీపస్తంభాల విభాగం అన్నిటికీ ఉత్తరాలు రాశాం. అందరూ పరిశీలిస్తామన్నారు. పరిశీలనలో మన ప్రభుత్వ శాఖలను మించినవాళ్ళు లేరు. అయినా ఇంకో పాతిక కోట్లు తగ్గింది.

ఈసారి గోడౌన్లో రౌండ్‌ఫిగర్‌గారికే ఆలోచన తట్టింది. మేం తయారుచేసే వాటిలో మడత నిచ్చెన ఒకటుంది. ఆయన దాన్ని విప్పించి చుట్టూ తిరిగారు.

"ఇటువైపు మెట్లున్నాయి," అన్నారు.

"ఉన్నాయండి."

"అటువైపు కూడా ఉన్నాయి."

"ఉంటాయండి. అది అలా నిలబడాలంటే..."

"ఇటునుంచి ఒకడు ఎక్కొచ్చు. అటునుంచి ఒకడు ఎక్కొచ్చు. ఇద్దరు ఎక్కేది ఒక నిచ్చెన ఎలా అవుతుందయ్యా?"

ముప్ఫై ఏళ్ళు ఆ నిచ్చెనల మధ్య తిరిగాను, నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆ సాయంత్రానికి మడత నిచ్చెనలన్నీ విప్పి నిలబెట్టాం. స్టాకు రెట్టింపయింది. గోడౌన్లో చోటు చాలక వాచ్‌మన్ బయట కూర్చున్నాడు.

నా పొడిగింపు ఫైలు మీద సంతకం అయింది, అరవై కోట్లు సాధించినందుకు సన్మానమూ జరిగింది. మంత్రిగారు స్వయంగా గాజు నిచ్చెన ఒకటి బహూకరించారు. "ఇలాంటి అధికారి ఇంకో నలుగురుంటే దేశానికి పరిశ్రమలే అక్కర్లేదు," అన్నారు. సభలో ఎవరూ నవ్వలేదు. నేను గాజు నిచ్చెనని గుండెకి హత్తుకున్నాను. ఆ ఏడు నిజంగానే తెలిసింది, మనిషికి జీతం కన్నా పొడిగింపు కన్నా చప్పట్లు ఎక్కువ అలవాటవుతాయని. మా ఆవిడ ఆ గాజు నిచ్చెనని టీవీ మీద పెట్టి రోజూ తుడిచేది.

ఒక్కటే ఇబ్బంది. లాభం పెరుగుతున్నకొద్దీ జీతాలు ఆలస్యమయ్యాయి. కార్మికులు జీతాలు ఇచ్చినట్టే అంటే ఒప్పుకోవడం లేదు. వాళ్ళలో ఆధునిక దృక్పథం తక్కువ.

అందుకని సంస్థ ప్రజల దగ్గర డిపాజిట్లు తీసుకోవడం మొదలుపెట్టింది. 'ఎత్తుకు ఎదగండి' అని పథకం పేరు. ఏడాదికి పన్నెండు శాతం వడ్డీ. పోస్టర్ మీద నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి నేనున్నాను. చైర్మన్‌గారి ఫొటో వేద్దామంటే ఆయనే వద్దన్నారు. "నీ మొహం చూస్తే జనానికి నమ్మకం కలుగుతుందయ్యా. ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉంటావు. ఇలాంటివాడికి మోసం చేసే తెలివి ఉండదనుకుంటారు."

నిజమే. పోస్టర్ వేసిన నెలకే కౌంటర్ ముందు వరస మలుపు దాటింది.

*

ఆదివారం మధ్యాహ్నం మా బావమరిది భోజనానికొచ్చాడు. మా ఆవిడకి తమ్ముడు. బస్సు డ్రైవర్‌గా పాతికేళ్ళు చేశాడు. చూపు మందగించిందని డిపో డాక్టరు తేల్చి చెప్పడంతో ముందే పదవీ విరమణ ఇచ్చి, పద్దెనిమిది లక్షలు చేతిలో పెట్టి పంపేశారు. పెన్షన్ లేదు. పెళ్ళీ చేసుకోలేదు. లోకంలో వాడికున్నవి ఆ పద్దెనిమిది లక్షలు, మా ఆవిడ, నేను.

కంచం ముందు కూర్చుని జేబులోంచి ఓ కాగితం తీశాడు. మొహమంతా నవ్వు.

"బావా, నీకు చెప్పకుండా ఓ పని చేశాను. సంతోషిస్తావని."

ఆ కాగితం రంగు చూడగానే నాకు తెలిసిపోయింది. మా ప్రెస్సులోనే కొట్టించాం ఆ రసీదులు. లేత ఆకుపచ్చ.

"ఎంత వేశావురా?"

"అంతా."

కలుపుతున్న అన్నం వదిలేశాను.

"ఏడాదికి రెండు లక్షల పదహారు వేలు వడ్డీ వస్తుందట. రెండు కళ్ళకీ ఆపరేషన్‌కి సరిగ్గా రెండు లక్షలు అడిగాడు డాక్టరు. ఏడాదిలోపు చేయిస్తే చూపు నిలుస్తుందన్నాడు. అసలు కదపక్కర్లేదు, వడ్డీతోనే కళ్ళొచ్చేస్తాయి! ఎలా ఉంది నా లెక్క? నీ దగ్గర నేర్చుకున్నదే."

"ఒరేయ్, అది వెనక్కి తీసుకో," అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే."

"కంపెనీలో ఏమైనా తేడానా బావా?"

మా ఆవిడ వడ్డించే గరిటె గాల్లో ఆగిపోయింది. నా వైపు చూసింది. టీవీ మీద గాజు నిచ్చెన మెరుస్తోంది. రెండేళ్ళ లెక్కలూ నా నాలుక చివరికొచ్చాయి. అక్కడ కాసేపు నిలబడ్డాయి.

"తేడా ఏముంటుందిరా," అన్నాను. "బంగారంలాంటి కంపెనీ."

"మరి వెనక్కెందుకూ?"

"నువ్వు ఇంకొంచెం ముందే వేసుండాల్సింది అని," అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "మా బావ ఎప్పుడు జోకేస్తాడో తెలీదక్కా, మొహం అలాగే పెడతాడు!"

*

మూడో ఏడు మంత్రిగారు డెబ్భై ఐదు కోట్లు ప్రకటించారు. నష్టం పద్నాలుగు. మళ్ళీ ఎనభై తొమ్మిది కోట్లు ఎక్కించాను. అంతలో పిడుగు పడింది. ఒకే ఆడిటర్ ఇరవై ఏళ్ళకు మించి ఉండకూడదని ఎవరో పాత చట్టం బయటికి తీశారు. పెద్దాయన వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలోకి ఓ అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. వచ్చీరాగానే బిస్కెట్లు వద్దంది. నాకు అక్కడే చెమటలు పట్టాయి.

తిన్నగా గోడౌన్‌కి వెళ్ళింది. నిలబెట్టిన మడత నిచ్చెనల అడవిని చూసింది.

"ఇవి ఎన్ని?"

"ఎనిమిది వేలు మేడమ్."

"మడవండి."

"మేడమ్?"

"అన్నీ మడిచి గోడకి చేర్చండి. తర్వాత లెక్కపెడదాం."

మడవడానికి రెండు రోజులు పట్టింది. ఎనిమిది వేలు నాలుగు వేలయ్యాయి. వాచ్‌మన్ మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాడు. సంస్థలో సంతోషించినవాడు వాడొక్కడే.

తర్వాత అగ్నిమాపక శాఖకి ఫోన్ చేసింది. మీరు సంస్థకి ఎంత బాకీ అని అడిగితే, ఎంతో మీరే చెప్పండని వాళ్ళు ఎదురడిగారట. పరిశీలిస్తున్నామన్నారట.

వారం తర్వాత నా గదిలోకొచ్చి తలుపు వేసింది.

"రెండు వందల పన్నెండు కోట్లు లేవండి," అంది. "యాభై ఒకటి, డెబ్భై రెండు, ఎనభై తొమ్మిది. మూడేళ్ళు. ప్రతి పద్దు పక్కనా పెన్సిల్‌తో మీరే రాసి పెట్టారు. ఇంత శుభ్రంగా దొరికిపోయినవాళ్ళని నేను చూడలేదు."

"మొదట్నుంచీ నీట్‌గా రాయడం అలవాటు మేడమ్."

"నేను సంతకం పెట్టను. సంతకం లేకపోతే డిపాజిట్లు తిరిగివ్వడం ఆగిపోతుంది. తెలుసుగా?"

తెలుసు. బావమరిది డిపాజిట్ గడువు పదిహేనో తారీకు. ఇంకా తొమ్మిది రోజులు. అప్పటికే వాడు మా ఇంటికొచ్చేటప్పుడు గుమ్మం తడుముకుంటున్నాడు.

"జరిగింది జరిగినట్టు రాసివ్వండి," అంది ఆ అమ్మాయి, ఈసారి కొంచెం మెత్తగా. "మంత్రిగారి ముందు పెడతాను. ఖజానాలోంచి ఈ గుంట పూడ్చక తప్పదు వాళ్ళకి. డిపాజిట్ వేసినవాళ్ళన్నా బతుకుతారు."

మూడేళ్ళుగా పెన్సిల్‌తో రాసుకున్న నిజాన్ని మొదటిసారి పెన్నుతో రాశాను. మూడు పేజీలు. రాశాక చూసుకుంటే ఓ ఇబ్బంది కనిపించింది. చైర్మన్‌గారు చెప్పినవన్నీ నోటితో చెప్పారు. నేను చేసినవన్నీ కాగితం మీద చేశాను. మెమో ఇచ్చింది నేను, పుచ్చుకుంది నేను, సంతృప్తి చెందింది నేను. మూడు పేజీల్లో ఎక్కడ వెతికినా నేను తప్ప ఇంకో మనిషి దొరకలేదు.

అయినా సంతకం పెట్టాను. చాలా గొప్పవాణ్ణన్న భావన కలిగింది. జైలుకి ఏ చొక్కాలు తీసుకెళ్ళాలో ఆలోచించుకున్నాను.

*

మంత్రిగారు మూడు పేజీలూ చదివారు. పక్కన రౌండ్‌ఫిగర్‌గారు. ఎదురుగా ఆడిటరమ్మాయి, నేను.

మంత్రిగారు కళ్ళజోడు తీశారు. "నాకు మాటలు రావడం లేదు," అన్నారు. ఆయన జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. "మూడేళ్ళు నన్ను, ప్రభుత్వాన్ని, అమాయకులైన ఈ చైర్మన్‌గారిని మోసం చేశారన్నమాట."

"దుర్మార్గం," అన్నారు రౌండ్‌ఫిగర్‌గారు.

"ఈ రెండొందల పన్నెండు కోట్లు ఎవరివల్ల పోయాయి?"

"నావల్లేనండి."

"అయితే ఎవరు కట్టాలి?"

"నేనేనండి," అన్నాను. అన్నది బాధతోనే. ఆ మాటకి ఇంకో ప్రయోజనం ఉంటుందని నాకు తెలియదు.

రౌండ్‌ఫిగర్‌గారి కళ్ళు పెద్దవయ్యాయి. నిటారుగా కూర్చున్నారు.

"అంటే సంస్థకి ఇతని దగ్గర్నుంచి రెండొందల పన్నెండు కోట్లు రావాలి!"

"రావాలి," అన్నారు మంత్రిగారు.

"రావాలి అంటే... రావలసినవి!"

తర్వాత మంత్రిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"అగ్నిమాపక శాఖ పేరు కొట్టేసి ఇతని పేరు రాస్తే గుంట ఎక్కడుంది?" అన్నారు రౌండ్‌ఫిగర్‌గారు. "వాళ్ళు పరిశీలిస్తామన్నారు. ఇతను ఒప్పుకుంటున్నాడు, పెన్నుతో! వడ్డీతో కలిపి రౌండ్‌గా రెండొందల యాభై చేద్దాం."

"ఆ పైన ముప్ఫై ఎనిమిది కోట్లు?"

"ఈ ఏటి లాభంలో కలుస్తుందండి. డెబ్భై ఐదు, ముప్ఫై ఎనిమిది, నూట పదమూడు!"

మంత్రిగారు లేచి నా దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "మోసాన్ని కూడా లాభంగా మార్చిన మొదటి ప్రభుత్వం మాది," అన్నారు. అది నాతో అనడం లేదు. రేపటి విలేకరుల సమావేశానికి సాధన చేస్తున్నారు.

ఆడిటరమ్మాయి సంచిలోంచి కాలిక్యులేటర్ తీసింది. "ఈయన జీతమెంత?"

"నెలకి లక్షా ఇరవై వేలు," అన్నాను.

"జీతమంతా పట్టుకున్నా పదిహేడు వందల ముప్ఫై ఆరేళ్ళు పడుతుంది."

"దీర్ఘకాలికం కింద వేద్దాం," అన్నారు రౌండ్‌ఫిగర్‌గారు. "సర్వీసు పొడిగిద్దాం. రౌండ్‌గా రెండు వేల ఏళ్ళు."

"అంతకాలం బతకరుగా?"

"ఆరోగ్యంగానే ఉన్నాడమ్మా!"

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "నిబంధన ప్రకారం బాకీ ఉన్నవాళ్ళ దగ్గర నేను నేరుగా ఒప్పుదల తీసుకోవాలి. మీరు ఒప్పుకుంటే, కాదనడానికి నా దగ్గర కాగితం ఉండదు. కింద నలభై ఏడో వివరణలో చిన్న అక్షరాలతో నా అనుమానం రాసుకుంటాను, అంతే. మీరు ఒప్పుకోకపోతే ఇవాళే తలుపులు మూసేస్తారు." ఒక కాగితం నా ముందు పెట్టింది. "ఆలోచించుకోండి. ఇదొక్కటీ నిజం చెప్పండి. రెండు వందల యాభై కోట్లు మీరు ఇవ్వగలరా?"

తలుపులు మూస్తే పదిహేనో తారీకు రాదు. పదిహేను రాకపోతే ఆపరేషన్ లేదు.

"ఇచ్చినట్టే రాసుకోండి మేడమ్," అన్నాను. సంతకం పెట్టాను.

ఆ అమ్మాయి చాలాసేపు ఆ సంతకం వైపే చూసింది. అందమైన సంతకమే. ముప్ఫై నాలుగేళ్ళ సాధన.

*

మర్నాడు పత్రికలన్నిటిలోనూ మొదటి పేజీ. 'నిచ్చెనల సంస్థకు రికార్డు లాభం, దోషి నుంచి ప్రతి పైసా వసూలు: మంత్రి'. పక్కన నా ఫొటో. కొత్తది దొరకలేదేమో, పోస్టర్ మీదదే వేశారు. నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి ఉన్నాను.

నన్ను జైలుకి పంపలేదు. జైలుకెళితే నా జీతం ఆగిపోతుంది, జీతం ఆగితే నా బాకీ రాని బాకీ అవుతుంది, రాని బాకీ అయితే లాభం పోతుంది. సంస్థ నన్ను కంటికి రెప్పలా చూసుకోవడం మొదలుపెట్టింది. రోజూ ఉదయం రౌండ్‌ఫిగర్‌గారు ఫోన్ చేసి బీపీ ఎంతుందో కనుక్కునేవారు. నూట నలభై ఎనిమిది అంటే నూట యాభై అని రాసుకునేవారు.

పదిహేనో తారీకు వచ్చింది. వరసలో మొదటి చెక్కు మా బావమరిదిదే అయ్యేలా నేనే చూశాను. ఇరవై లక్షల పదహారు వేలు. బ్యాంకులో చెల్లింది కూడా. ఇచ్చినట్టే కాదు, ఇచ్చారు. మూడేళ్ళలో నా చేతిమీదుగా జరిగిన నిజమైన లావాదేవీ అదొక్కటే. పదహారున ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి సెలవు పెట్టాను.

పదహారు ఉదయం వాడే ఇంటికొచ్చాడు. గోడ పట్టుకుని లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చి వాడి చేతికి అందించింది. పేపర్లో వార్త వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడు మాత్రం వాడి పక్కనే నిలబడింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

తిట్టడానికే అనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"బావా, పక్కింటాయన పేపర్ చదివి వినిపించాడు. కంపెనీకి రావలసిన రెండొందల యాభై కోట్లూ నీ దగ్గరేనట కదా?"

"అవున్రా."

"నువ్వు ఒప్పుకున్నావట కదా?"

"ఒప్పుకున్నాను."

"సంతకం కూడా పెట్టావా?"

"పెట్టాను. పద, ఆసుపత్రికి వేళవుతోంది."

వాడు లేవలేదు. ఊపిరి పీల్చుకుని అక్క వైపు తలూపాడు, నే చెప్పలేదూ అన్నట్టు. జేబులోంచి లేత ఆకుపచ్చ కాగితం తీశాడు.

"నిన్న సాయంత్రమే మళ్ళీ వేసేశాను బావా. అసలూ వడ్డీ, మొత్తం. అక్క దాచుకున్న నాలుగు లక్షలు కూడా కలిపాం. ఇప్పుడు పద్నాలుగు శాతం ఇస్తున్నారు. పోయినసారి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టానని ఏడాదంతా భయపడ్డాను తెలుసా? ఇప్పుడు భయమేవిటి? డబ్బంతా నీ దగ్గరేగా ఉంది!"

"మీరు తీర్చేస్తారుగా ఏవండీ?" అంది మా ఆవిడ. వారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

"డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాన్లే, ఇంకో ఏడాది ఆగమని," అన్నాడు బావమరిది. మొహమంతా నవ్వు. కాగితం నాకివ్వబోయి, నాకు జానెడు పక్కన గాల్లోకి చాచాడు.

"సంతోషమేగా బావా? నవ్వుతున్నావా?"

"నవ్వుతున్నాన్రా," అన్నాను.